41 రోజులు మందు ఆపాలంటే: మాల వేసుకున్నా, వేసుకోకపోయినా

కార్తీకం మొదలవగానే ప్రతి సిట్టింగ్ బ్యాచ్‌లోనూ ఒకరిద్దరు మాయమవుతారు. నిన్నటిదాకా క్వార్టర్ పడనిదే ముద్ద దిగదన్నవాడు నల్లబట్టలు కట్టి, చెప్పుల్లేకుండా నడుచుకుంటూ ఎదురొచ్చి "స్వామి శరణం" అంటాడు. మండల దీక్ష 41 రోజులూ చుక్క ముట్టడు. శబరిమల వెళ్లొచ్చి మాల తీసిన సాయంత్రం అదే బ్యాచ్‌లో, అదే కుర్చీలో తేలతాడు. దీనిమీద మనవాళ్లు వేసుకునే జోకులకు లెక్కలేదు.

ఆ జోకుల మధ్య ఒక సంగతి మరుగున పడిపోతుంది. ఆ మనిషి 41 రోజులు నిజంగానే ఆగాడు. డాక్టరు తిట్టినా, భార్య ఏడ్చినా వారం ఆగనివాడు ఇన్నాళ్లు ఎలా ఆగాడు? భక్తి ఉంది, కాదనను. దానికి తోడు మాల అతని చుట్టూ ఒక ఏర్పాటు చేసి పెట్టింది. పిలుపు మారింది, బట్టలు మారాయి, పొద్దు మారింది, సాయంత్రం కూర్చునే చోటు మారింది. "ఒక్క పెగ్గే కదా మామా" అనే నోళ్లన్నీ మూతపడ్డాయి. మాల తీసిన పూటే ఆ ఏర్పాటంతా లేచిపోయింది. కాబట్టి కొన్నాళ్లు మందు ఆపాలనుకుంటే మీరు చేయాల్సింది అలాంటి ఏర్పాటు ఒకటి కట్టుకోవడం, 42వ రోజుకు విడిగా ఇంకొకటి సిద్ధం చేసుకోవడం. కింద చెప్పేదంతా అదే.

ముందు తేల్చుకోవాల్సింది: మీరు ఒక్కసారిగా ఆపొచ్చా?

ఈ భాగం మాత్రం దాటేయకండి. వారానికి ఒకటి రెండు సిట్టింగులు వేసేవాళ్లు సాధారణంగా ఏ రోజైనా ఆపేయొచ్చు. రోజూ తాగేవాళ్ల సంగతి వేరు. పొద్దున లేవగానే చేతులు వణుకుతున్నాయా? ఒక గుక్క పడితేగానీ ఆ వణుకు తగ్గడం లేదా? ఎప్పుడైనా ఒకరోజు తాగకపోతే చెమటలు, వాంతులు, గుండెదడ వచ్చాయా? ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా, లేనివి కనిపించాయా, వినిపించాయా? వీటిలో ఒక్కదానికి అవునన్నా సొంతంగా ఆపకండి. ముందు డాక్టర్ని కలవండి. సైకియాట్రిస్ట్ అయితే మరీ మంచిది, ఇది వాళ్లకు రోజువారీ పనే. పిచ్చి డాక్టరు దగ్గరికి పోవడమేంటని మొహమాటపడేవాళ్లు జనరల్ ఫిజీషియన్‌తో మొదలుపెట్టినా సరే.

ఎందుకింత జాగ్రత్త అంటే, ఏళ్లతరబడి రోజూ మత్తు పడే మెదడు ఆ మత్తుకు ఎదురొడ్డడానికి ఎక్కువ వేగంతో పనిచేయడం అలవాటు చేసుకుంటుంది. మందు ఆగినా ఆ వేగం వెంటనే ఆగదు. ఆఖరి పెగ్గు పడిన 6 గంటల నుంచి ఒక రోజులోపు వణుకు, దడ, కంగారు మొదలవుతాయి. ఫిట్స్ వచ్చేవాళ్లకు ఎక్కువగా మొదటి 48 గంటల్లోనే వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది. ఎక్కడున్నారో తెలియదు, గోడమీద పురుగులు పాకుతున్నాయంటారు, ఒళ్లు కాలిపోతుంది, పక్క తడిసిపోయేలా చెమట పడుతుంది. డాక్టర్లు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. ఇది ప్రాణం తీయగలదు. గాలి సోకిందనో, స్వామి పరీక్ష పెడుతున్నాడనో కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

మాల వేసుకునేవాళ్లలో నేను చూసిన ఒక పద్ధతి నాకు భయం పుట్టిస్తుంది. రోజూ తాగే మనిషి, రేపటినుంచి ఎలాగూ లేదు కదా అని ముందురోజు రాత్రి రెట్టింపు తాగుతాడు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భోజనం, రాత్రికి పండో అల్పాహారమో. మందు లేక ఒళ్లు అల్లాడే మొదటి మూడు రోజులూ సరిగ్గా పస్తుల్లో పడతాయి. అసలే రోజూ తాగే ఒంట్లో, తిండి కూడా తగ్గితే రక్తంలో చక్కెర పడిపోతుంది. దీనికి తేలికైన మార్గం ఉంది. మాల వేసుకోవడానికి రెండు వారాల ముందే డాక్టరు సలహాతో మందు ఆపేయండి, ఒళ్లు కుదుటపడ్డాక మాల వేసుకోండి. గురుస్వామికి ఉన్న సంగతి చెప్పండి. ఆయన చాలామందిని చూసి ఉంటారు.

నీరసంగా ఉందని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ బాటిల్ పెట్టించుకోవడం మనకు అలవాటు. బాగా తాగే ఒంట్లో బీ1 విటమిన్, అంటే థయమిన్, అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా ఒట్టి గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. గ్లూకోజ్ కంటే ముందో, దాంతోపాటో బీ1 పడాలి. బాటిల్ తగిలించేలోపే "నేను రోజూ ఇంత తాగేవాణ్ని, ఫలానా రోజు ఆపాను" అని నోరు తెరిచి చెప్పండి. సిగ్గుపడి చెప్పకపోతే ఎదుటివాళ్లకు తెలిసే దారి లేదు.

తెలంగాణలో కల్లు అలవాటున్నవాళ్లకు ఇంకో మాట. చెట్టు మీంచి దించిన ఈత కల్లు, తాటికల్లు ఒకటి. కల్తీ కల్లు ఇంకొకటి. అందులో కలిపేవి క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలం లాంటి మత్తుమందులు. అలాంటిది రోజూ తాగుతున్నవాళ్లు ఆపితే, మానేది కల్లు ఒక్కటే కాదు, నిద్రమాత్రలు కూడా. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో అన్నీ ఒక్కసారిగా బంద్ అయినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం ఎలా పోటెత్తారో పేపర్లలో చూసే ఉంటారు. "కల్లే కదా, మందు కాదు కదా" అని తేలిగ్గా తీసుకోకండి.

ఇంట్లోవాళ్లకు కూడా ఒకటి చెప్పాలి. "కూరలో కలిపి పెట్టండి, ఆయనే మానేస్తాడు" అంటూ అమ్మే పొడులు, మాత్రలు కొనకండి. తాగుడు మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ లాంటి మందు పడ్డాక తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి, గుండె మీదికి వస్తుంది. తాగే మనిషికి తెలిసి, ఒప్పుకుని, డాక్టరు కనిపెట్టి ఉండి వాడాల్సిన మందు అది. తెలియకుండా పెట్టడం విషం పెట్టినంత పని.

షుగరుకు, బీపీకి మాత్రలు వాడుతున్నవాళ్లు మందు ఆపే ముందు ఆ డాక్టరుకూ చెప్పండి, డోసు మార్చాల్సి రావచ్చు. ఎవరిని కలవాలో తోచకపోతే మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446 ఉంది, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది. రెండూ ఉచితం. టెలి మానస్‌లో ఏ వేళప్పుడైనా తెలుగులో మాట్లాడతారు.

మీ లెక్క మీరు చూసుకోండి

ఎంత తాగుతావని అడిగితే మనందరి జవాబూ ఒకటే, "ఏదో అప్పుడప్పుడు, లైట్‌గా". నోటి లెక్క నమ్మకండి. ఫోన్‌పేనో గూగుల్‌పేనో తెరిచి, మీరు మామూలుగా కొనే వైన్స్ పేరు వెతకండి. షాపు పేరు కాకుండా ఓనరు పేరుమీద ఉంటుంది చాలాసార్లు, ఆ పేరు మీకు తెలుసు. మూడు నెలలు వెనక్కి జరపండి. తేదీలకంటే టైములు చూడండి. ఏడుంపావుకు ఒక చెల్లింపు ఉంటుంది. పక్కనే సోడాకో, పల్లీలకో, సిగరెట్లకో చిన్న చెల్లింపు. మళ్లీ తొమ్మిది నలభైకి అదే షాపుకు ఇంకొకటి. ఆ రెండో చెల్లింపు దగ్గర ఆగండి. మొదటిది మీరు అనుకుని కొన్నారు. రెండోది మొదటిది కొనిపించింది. వారంలో ఎన్ని రాత్రులు రెండో చెల్లింపు ఉందో లెక్కపెడితే మీ పరిస్థితి ఏ బ్లడ్ టెస్టూ అక్కర్లేకుండా తెలిసిపోతుంది.

కొలత కూడా ఒకటి పెట్టుకోండి. మన దేశంలో 10 గ్రాముల ఆల్కహాల్‌ను ఒక డ్రింక్ కింద లెక్కేస్తారు. విస్కీ, బ్రాందీ, రమ్ములో 30 మి.లీ. అంటే ఒకటి. నైంటీ అంటే మూడు. క్వార్టర్ అంటే ఆరు. 8 శాతం ఉండే స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసా ఒకటి దాదాపు నాలుగు. "బీరే కదా" అని రెండు సీసాలు దించినవాడు క్వార్టర్ కొట్టినవాడికంటే ఎక్కువే తాగినట్టు. క్వార్టర్‌లో నాలుగొందల పైచిలుకు కేలరీలు ఉంటాయి, పక్కన పెట్టుకున్న చికెన్ సిక్స్‌టీఫైవ్ విడిగా. ఆడవాళ్లు మగవాళ్ల గ్లాసులతో సమానంగా లెక్క వేసుకోకూడదు. ఒంట్లో నీటి పాలు తక్కువ కాబట్టి అంతే మందు వాళ్ల రక్తంలో ఎక్కువ చిక్కగా చేరుతుంది.

ఈ అంకె ఒక కాగితం మీద రాసి దాచండి. 42వ రోజున కావాలి.

రోజు పెట్టుకోండి, ఎన్నాళ్లో ముందే చెప్పేయండి

"చూద్దాం, ఎన్నాళ్లు ఆగితే అన్నాళ్లు" అని మొదలుపెట్టిన విరామం మొదటి శనివారం దాటదు. మాలకు ముగింపు తేదీ ఉంది, అది పెద్ద బలం. 41 మీకు నచ్చితే 41, కార్తీకమాసమో శ్రావణమాసమో నచ్చితే 30. అర్ధమండలం 21 కూడా ఉంది. అయితే నిద్ర, లివరు కుదురుకోవడానికి నెలైనా ఇవ్వడం మంచిది.

మొదటి పది రోజుల్లో దగ్గరివాళ్ల పెళ్లి, దావత్, గోవా ట్రిప్పు ఉంటే తేదీ జరపండి. సంక్రాంతికి ముందు మొదలుపెట్టడం కోరి కష్టం తెచ్చుకోవడమే. కనుమ, ముక్కనుమ అయ్యాక మొదలుపెడితే ఫిబ్రవరి ఆఖరుదాకా దారి కాస్త ఖాళీగా ఉంటుంది. మాల వేసుకునేవాళ్లకు ఈ బాధ లేదు, కార్తీకంలో సగం ఇళ్లలో ముక్కే ఉండదు.

ముందురోజు రాత్రి ఇంట్లో సీసాలు తీసేయండి. బీరువా వెనక దాచిన మిలిటరీ రమ్ము కూడా. పారబోయడానికి ప్రాణం ఒప్పకపోతే ఎవరికైనా ఇచ్చేయండి, కానీ "తర్వాత తీసుకుంటా" అని ఇవ్వకండి.

చెప్పండి, కానీ మందిని చూసి చెప్పండి

మాలలో ఉన్నవాణ్ని కన్నతల్లి కూడా "స్వామీ" అనే పిలుస్తుంది. అతను ఎవరికీ ఏమీ వివరించక్కర్లేదు, ఆ నల్లబట్టలే చెబుతాయి. మీకు ఆ సౌకర్యం లేదు కాబట్టి నోటితోనే చెప్పుకోవాలి. అందరికీ ఒకే మాట అక్కర్లేదు.

ఇంట్లో భార్యకో, అమ్మకో తేదీతో సహా చెప్పండి. "ఇంకెప్పుడూ తాగను" అని ఒట్లు వేయకండి. వాళ్లు ఆ ఒట్టు ఇదివరకే విన్నారు. "ఫలానా తేదీదాకా తాగను" అంటే నమ్మే వీలుంది. పిల్లల తలమీద చెయ్యి పెట్టించే ఆచారం కొన్ని ఇళ్లలో ఉంది, దయచేసి వద్దు. జారితే ఆ భయం పిల్లల మీద పడుతుంది.

బ్యాచ్‌లో ఒక్కడికి విడిగా చెప్పండి. ప్రతి బ్యాచ్‌లోనూ తక్కువ తాగేవాడో, మాట మీద నిలబడేవాడో ఒకడుంటాడు. వాడు మీ గురుస్వామి అనుకోండి. కోరిక తన్నుకొచ్చినప్పుడు ఫోన్ చేయాల్సింది వాడికి. మిగతా గ్రూపులో ప్రకటనలు అక్కర్లేదు. వాట్సాప్ గ్రూపులో "నేను 41 రోజులు మానేస్తున్నా" అని పెడితే మర్నాటికి పందేలు మొదలవుతాయి.

బయటివాళ్లకు చిన్న అబద్ధం తప్పు కాదంటాను. "మందులు వాడుతున్నా బావా, డాక్టరు వద్దన్నాడు" అంటే చాలామంది వదిలేస్తారు. అంతకంటే బాగా పనిచేసేది "ఇవాళ బండి నాది" అన్న మాట. 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. ఆల్కహాల్ దాటి బండి నడిపితే చాలు కేసు. మొదటిసారికే పదివేలదాకా ఫైన్, ఆరు నెలలదాకా జైలు పడే వీలుంది. అందుకే పార్టీ నుంచి అందర్నీ ఇంటికి దింపే డ్రైవరు మీరే అంటే, తాగమని బలవంతపెట్టే వాళ్లే మీకు కాపలా కాస్తారు.

సాయంత్రం ఏడు నుంచి తొమ్మిదిన్నర

మొత్తం విరామం నిలబడేదీ పడిపోయేదీ ఈ రెండున్నర గంటల్లోనే. పొద్దున పదింటికి మందు మానడం ఎవరికీ కష్టం కాదు. మాలలో ఉన్న మనిషి ఆ టైముకి ఏం చేస్తున్నాడో చూడండి. సాయంత్రం స్నానం, దీపం, శరణుఘోష, ఎవరింట్లోనో పడిపూజ, తర్వాత భిక్ష. సిట్టింగ్ టైమంతా భజన తినేసింది. ఖాళీ మిగల్చలేదు. పైగా అక్కడా పదిమంది ఉన్నారు, పాటలున్నాయి, అరుపులున్నాయి, తిండి ఉంది. సిట్టింగులో మందు తప్ప ఇంకేం దొరికేదో అదంతా అక్కడా దొరికింది.

మీ ఏడు గంటలకు మీరేం పెడతారు? ఇంట్లో టీవీ ముందు కూర్చుంటానంటే నేను ఒప్పుకోను, రెండో రోజే కాళ్లు వైన్స్ వైపు లాగుతాయి. మనుషులుండే పని కావాలి. ఊళ్లో షటిల్ కోర్టుంటే అది. అపార్ట్‌మెంట్లో వాకింగ్ బ్యాచ్ ఉంటే అది. పిల్లాణ్ని ట్యూషన్ నుంచి తీసుకొచ్చే పని మీది కాకపోతే ఇప్పుడు తీసుకోండి. ఏడున్నరకు గేటు దగ్గర వాడు ఎదురుచూస్తుంటే మీరు తప్పించుకోలేరు. ఆఫీసు నుంచి ఇంటికి వచ్చే దారిలో వైన్స్ ఉంటే దారి మార్చండి, రెండు కిలోమీటర్లు ఎక్కువైనా.

దానికంటే ముందు కడుపు. మందు కోరిక అనుకున్నదాంట్లో సగం ఆకలే. మధ్యాహ్నం ఒంటిగంటకు తిన్న అన్నం ఏడుకల్లా అరిగిపోతుంది, ఆ ఆకలికి మన దగ్గరున్న ఒకే జవాబు మందూ మంచింగూ. ఆరింటికి గట్టిగా ఏదో ఒకటి తినండి: రెండు గుడ్లు, ఉప్మా, మరమరాల మిక్చరు, ఏదైనా. రాత్రి భోజనం ఎనిమిదికి లాగండి. కడుపునిండా పెరుగన్నం తిన్నవాడికి క్వార్టర్ మీద ధ్యాస ఉండదు, ప్రయత్నించి చూడండి.

చేతిలో గ్లాసు లేని లోటు కూడా నిజమే. చల్లటి మజ్జిగలో అల్లం, పచ్చిమిర్చి దంచి వేసుకుని పెద్ద గ్లాసుతో తాగండి. నిమ్మకాయ సోడా ఉప్పుతో. సోడా సర్రుమనడం, ఉప్పు నాలుకకు తగలడం కొంత తృప్తినిస్తాయి. థమ్స్ అప్ నేను చెప్పను, చాలామందికి అది రమ్మును గుర్తుచేస్తుంది. జీరో బీరు, అంటే ఆల్కహాల్ లేదని అమ్మే బీరు సంగతి కూడా అంతే. వాసన అదే, సీసా అదే, మొదటి నెలలో దాంతో ఆటలొద్దు. మందు బదులు గుట్కాకో, రోజుకు రెండు పెట్టెల సిగరెట్లకో మళ్లినా లాభం లేదు. తీపి మీదికి మనసు పోతే మాత్రం కొన్నాళ్లు పోనివ్వండి, షుగరు లేనివాళ్లు.

కోరిక వచ్చినప్పుడు అది ఎప్పటికీ పోదనిపిస్తుంది. సాధారణంగా అరగంటలోపే దిగిపోతుంది. ఆ అరగంట స్నానం చేయండి, చన్నీళ్లతో. దీక్షలో రెండుపూటలా చన్నీళ్ల స్నానం పెట్టినవాళ్లు ఊరికే పెట్టలేదనిపిస్తుంది నాకు.

ఒంట్లో ఏం జరుగుతుంది

మొదటి వారం నిద్ర పట్టదు. పట్టినా కలలతో నిండి ఉంటుంది. మందు పడితే నిద్ర త్వరగా వస్తుంది కానీ కలల నిద్రను నొక్కేస్తుంది. ఆపగానే అది వడ్డీతో సహా తిరిగొస్తుంది. "మందు మానితే నిద్ర పాడైంది" అని నాలుగో రోజు మళ్లీ మొదలుపెట్టేవాళ్లు చాలామంది. రెండు వారాలు ఓపిక పట్టండి. నిద్రమాత్రలు సొంతంగా కొనకండి. చిరాకు ఉంటుంది, ఇంట్లో చిన్నదానికీ అరుస్తారు, ఆ సంగతి కూడా ముందే ఇంట్లో చెప్పి ఉంచండి.

రెండో వారం దాటాక పొద్దున్న తేడా తెలుస్తుంది. కడుపులో మంట తగ్గుతుంది, మొహంలో ఉబ్బు దిగుతుంది. లివర్లో పేరుకున్న కొవ్వు కొన్ని వారాల్లోనే కరగడం మొదలవుతుంది. మొదటి రోజు, ఆఖరి రోజు ఎల్ఎఫ్‌టీ, అంటే లివర్ పనితీరు చూసే రక్తపరీక్ష, చేయించుకుంటే అంకెల్లోనే కనిపిస్తుంది, ముఖ్యంగా జీజీటీ అనే గడిలో. దాంతోపాటు బీపీ, బరువు కూడా రాసుకోండి. 2018లో లండన్ రాయల్ ఫ్రీ ఆసుపత్రి వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో నెలరోజులు మందు ఆపినవాళ్లకు బీపీ, బరువు తగ్గాయి, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోవడమనే ఇబ్బంది దాదాపు పాతిక శాతం తగ్గింది. మన ఇళ్లలో షుగరు ఎంత ఉందో తెలుసు కాబట్టి ఈ చివరి ముక్క మనకు ఎక్కువ పనికొస్తుంది. అలాగని కామెర్లు, పొట్టలో నీరు ఉన్నవాళ్లు నెల ఆపి మళ్లీ తాగుదామనుకుంటే కుదరదు. వాళ్లకు విరామం ఉండదు, ఇక మానడమే.

పెళ్లిళ్లు, చావులు, దావత్‌లు

పెళ్లిలో భోజనం దగ్గర ఎవరూ బలవంతపెట్టరు, ముందురాత్రి లాడ్జి గదిలోనే గొడవ. ఆ గదికి వెళ్లకండి. ముహూర్తానికి నేరుగా వెళ్లి, తలంబ్రాలు వేసి, తిని రండి. చావు ఇంట్లో, దినాల దగ్గర మందు పోసే ఆనవాయితీ ఉన్న ఊళ్లలో కాదంటే పోయినవాళ్లకు అవమానమంటారు. అక్కడ మాల లేనివాడికి నిజంగా ఇబ్బందే. పని మీద పెట్టుకోండి. వంటల దగ్గర, వచ్చినవాళ్లను బస్టాండు నుంచి తెచ్చే దగ్గర నిలబడండి. చేతిలో పని ఉన్నవాడికి గ్లాసు ఇవ్వరు. అమెరికాలో, గల్ఫ్‌లో ఉండేవాళ్లకు వారాంతపు రాత్రి ఎవరో ఒకరింట్లో చేరడమే చుట్టరికం. ఆ నెలలో పిలిచేవాళ్లు మీరే అవ్వండి. మీ ఇల్లు, మీ బిర్యానీ, సీసాల్లేవని ముందే చెప్పొచ్చు.

మధ్యలో ఒకరోజు జారితే? మాలలో జరిగితే పెద్ద అపచారంగా చూస్తారు, గురుస్వామి ఏం చెబితే అది చేయండి. మాల లేనివాళ్లు మర్నాడు మళ్లీ కొనసాగించండి, తేదీ మార్చకండి. "ఎలాగూ పోయింది కదా" అని వారమంతా తాగడమే అసలు నష్టం.

42వ రోజు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఓసారి మందు మానింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, మర్నాటి ఏడాదికి సారా పోయింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత ఎంత తాగుతున్నామో చెప్పక్కర్లేదు. మనుషుల సంగతీ అంతే, ఆపడానికి ప్లాను వేస్తారు, ఆపాక మళ్లీ మొదలెట్టేటప్పుడు ఎలా అన్నదానికి ప్లాను ఉండదు.

మొదట ప్రాణానికి సంబంధించిన మాట. 41 రోజుల్లో మీ ఒంటికి మందు తట్టుకునే శక్తి తగ్గిపోయి ఉంటుంది. ఒకప్పుడు హాఫ్ కొట్టి బండి నడిపానన్నవాడు ఇప్పుడు ఆ హాఫ్‌తోనే స్పృహ తప్పొచ్చు, వాంతి ఊపిరికి అడ్డం పడొచ్చు. పాత లెక్క చెల్లదు. మాల తీసిన రోజు బ్యాచ్ ఇచ్చే 'వెల్‌కమ్ పార్టీ'కి వెళ్లకండి. ఆ రోజు ఇంట్లోవాళ్లకివ్వండి.

తర్వాత ఒక పని. 35వ రోజు కల్లా, ఇంకా విరామంలో ఉండగానే, ముందు దాచిన కాగితం తీసి దాని కింద కొత్త నియమం రాయండి. 42వ రోజున కూర్చుని ఆలోచిస్తే ఆ ఆలోచన మీది కాదు, మందుది. నియమం లెక్కపెట్టగలిగేలా ఉండాలి. "తగ్గిస్తాను" అన్నది నియమం కాదు. "వారంలో ఒక్కరోజు, నైంటీకి మించదు, వైన్స్‌కు రెండోసారి వెళ్లేది లేదు, ఇంట్లో సీసా పెట్టేది లేదు" అన్నది నియమం. ఆ తొమ్మిది నలభై చెల్లింపు మళ్లీ కనిపించిందా లేదా అని ఫోనే చెబుతుంది. అసలు తాగకుండా ఉండిపోవాలనిపిస్తే అంతకంటే మంచిది లేదు. ఇంత తాగితే ఏమీ కాదనే సురక్షితమైన కొలత లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలోనే చెప్పింది.

విరామం వృథా పోదని చెప్పడానికి బ్రిటన్ ఉదాహరణ ఉంది. అక్కడ 2013 నుంచి 'డ్రై జనవరి' పేరుతో నెలంతా మందు ఆపుతారు. 2018లో పాల్గొన్నవాళ్లను ససెక్స్ యూనివర్సిటీ పరిశోధకులు ఆగస్టులో మళ్లీ అడిగితే, వారానికి సగటున 4.3 రోజులు తాగేవాళ్లు 3.3 రోజులకు దిగారు. తగ్గింది వారానికి ఒక్కరోజే, కానీ ఏడు నెలల తర్వాత కూడా నిలిచింది.

42వ రోజు నుంచి నెలపాటు ఫోన్‌పే లెక్క ప్రతి ఆదివారం చూసుకోండి, మీ గురుస్వామి స్నేహితుడికి చూపించండి. రెండు వారాలు వరసగా నియమం దాటితే, మీ అంతట మీరు తగ్గించుకునే దశ దాటిపోయిందని లెక్క. అప్పుడు ఇంకో 41 రోజులు మొదలుపెట్టకుండా సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లండి. మందు మీద యావ తగ్గించే మందులున్నాయి, కౌన్సెలింగ్ ఉంది. రెండు కాగితాలూ, పాత అంకె ఉన్నదీ ఎల్ఎఫ్‌టీ రిపోర్టూ, వెంట తీసుకెళ్లండి.